వెనక డోరు పక్క సీటు

మా చెల్లెలు కండక్టరు. ఇప్పుడు కాదని నాకూ తెలుసు, డిపో వాళ్లు ఇంటికి కాగితం పంపించారు. అయినా నేను అలాగే అంటాను. నా నోరు, నా ఇష్టం.

ఊరి శివార్లలో ఉన్న మా కాలనీల నుంచి సిటీకి వెళ్లే పొద్దుటి బస్సు దానిది. పెళ్లికి ముందు నలుగురిలో నోరు విప్పని పిల్ల, ఆ ఉద్యోగంలో చేరాక దాని గొంతు వీధి చివరికి వినబడేది. బంధువుల ఇంట్లో అందరం ఫొటోకి నిలబడితే, "లోపలికి జరగండి, లోపలికి జరగండి, ముందంతా ఖాళీయే" అని అరిచింది. ఫొటో తీసేవాడితో సహా అందరూ నిజంగానే జరిగారు. మొగుడు చెప్పాపెట్టకుండా ఎటో పోయినప్పుడు నేను ఏడుస్తుంటే, "ఊరుకో అక్కా, ఆయన స్టాపు వచ్చినట్టుంది, దిగిపోయాడు" అని నన్నే ఓదార్చింది. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, కాలేజీకి వెళ్లే కూతురు. ముగ్గురికీ ఆ ఉద్యోగమే దిక్కు.

ఆ బస్సులో ఒక తాడు ఉంటుంది. పైకప్పు పొడవునా, ముందు నుంచి వెనక దాకా. ఒకసారి లాగి గంట కొడితే డ్రైవర్ ఆపాలి, రెండుసార్లు కొడితే కదిలించాలి. తాడు ఎక్కడి నుంచైనా లాగవచ్చు. కానీ వెనక మెట్టు మీద ఎవరూ లేరని కండక్టరు కళ్లారా చూసుకున్నాకే రెండు గంటలూ కొట్టాలి, అది రూలు. రూలు రాసిన మహానుభావుడు పొద్దుటి బస్సు ఎప్పుడైనా ఎక్కాడా? టికెట్లు కొడుతూ ముందు ఇరుక్కుపోయిన మనిషి ప్రతి స్టాపులోనూ ఆ జనాన్ని తోసుకుంటూ వెనక్కి వచ్చి మెట్టు చూడాలంటే బస్సు సిటీకి సాయంత్రానికి చేరుతుంది.

అందుకని రోజూ ఎక్కేవాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. వెనక డోరు పక్క సీటులో ఒక పెద్దాయన కూర్చునేవాడు, ఏదో ఆఫీసులో గుమాస్తా. మోకాళ్ల నొప్పులని ఆ సీటు మా చెల్లెలే ఆయనకి అట్టే పెట్టేది, ఎవరైనా కూర్చుంటే లేపేది కూడా. "నువ్వక్కడే ఉండమ్మాయ్, వెనక సంగతి నేను చూసుకుంటాలే" అని ఆయనే ఒకరోజు తాడు అందుకున్నాడు. అప్పటి నుంచి అందరికీ ఆయన తాడు బాబాయ్. చెల్లెలు ముందు నుంచి "బాబాయ్, రైట్ చెప్పండి!" అంటే, ఆయన తల బయటికి పెట్టి చూసి రెండుసార్లు లాగేవాడు. ఇంట్లో ఆయన మాట వినేవాళ్లు లేరట, ఆఫీసులో సరేసరి. ఇక్కడ మాత్రం ఆయన చెయ్యెత్తితే అంత బస్సూ కదిలేది. సెలవు రోజుల్లో చేతికి ఏమీ తోచడం లేదని మా చెల్లెలితో చెప్పుకుని మురిసిపోయేవాడు. అది కూడా మురిసిపోయేది, పిచ్చి మొహంది!

ఆ రోజు బట్టలు కుట్టే ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. టైలరక్క అంటారు, ఆవిడా రోజూ ఎక్కేదే. ఒక కాలు మెట్టు మీద పెట్టింది, రెండోది ఇంకా నేల మీదే ఉంది. తాడు బాబాయ్ పక్కవాడికి ఫోనులో మనవడి ఫొటోలు చూపిస్తున్నాడు. ముందు నుంచి ఎవరూ రైట్ అనలేదు. అలవాటైన చెయ్యి కదా, ఫొటో మీద నుంచి కళ్లు తిప్పకుండానే పైకి లేచింది. రెండు గంటలు మోగాయి. బస్సు కదిలింది. వెనక చక్రం టైలరక్క కాలి మీదుగా వెళ్లింది.

కేకలకి బస్సు ఆగీ ఆగకముందే చెల్లెలు జనాన్ని చీల్చుకుని దూకి, ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద కూర్చుంది. అప్పుడు ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు. బస్సు మధ్యలో ఆగిపోతే, టికెట్ల మీద కండక్టరు సంతకం పెట్టి ఇస్తుంది, దానితో తర్వాతి బస్సు ఎక్కవచ్చు. వాళ్లంతా దాని చుట్టూ చేరి టికెట్లు చాపారు. "ఆఫీసుకి లేటవుతోందమ్మాయ్, ఒక్క సంతకం!" ఆ చాపిన చేతుల్లో బాబాయ్ చెయ్యి కూడా ఉంది. మా చెల్లెలు రక్తం చేతులు చీరకు తుడుచుకుని, ఒక్కొక్కరికీ సంతకం పెట్టి ఇచ్చింది. అంబులెన్సు వచ్చేసరికి దాని పక్కన డ్రైవర్ తప్ప ఇంకెవరూ లేరు.

టైలరక్క కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఎంక్వైరీ పెట్టారు. డిపోలో తెలిసిన మనిషి ఉన్నమాట చెప్పాడు: గంట కొట్టింది ప్రయాణికుడైతే చెల్లెలికి కొన్నాళ్లు సస్పెన్షన్, అంతే. మెట్టు చూడకుండా అదే ముందు నుంచి లాగిందని తేలితే ఉద్యోగం ఊడుతుంది. డ్రైవర్‌ని అడిగితే, "గంట వినబడింది, కదిలించాను. ఎవరి చెయ్యో నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు. ఆయన్ని ఏమంటాం, చూడలేదు కదా. ఆసుపత్రిలో టైలరక్కా అంతే, పరుగులో మెట్టు తప్ప ఇంకేమీ చూడలేదంది.

చూసినవాళ్ల కోసం నేను అదే బస్సు ఎక్కాను. "మన అమ్మాయి, మన అమ్మాయి" అని దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లే అందరూ. ఒకావిడ నన్ను చూడగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుంది. ఒకాయన కిటికీ వైపు తిరిగి నిద్ర నటించాడు. బాబాయ్ పక్కన కూర్చునే పెద్దమనిషి, "నేను ఫొటో చూస్తున్నానండీ, తాడు చూడలేదు" అన్నాడు. ఎంత నిక్కచ్చి మనిషో చూడండి!

చివరికి బాబాయ్ కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన ముందు బస్సంతా ఒకసారి కలయజూశాడు. తర్వాత నా భుజం తట్టి, "ఏడవకమ్మా, నేనొస్తాను. వచ్చి ఉన్నదున్నట్టు చెప్తాను" అన్నాడు. ఇంటికి పరుగున వచ్చి చెల్లెలికి చెప్పాను. "నే చెప్పలా అక్కా, బాబాయ్ అలాంటివాడు కాదు" అని, ఎన్నాళ్ల తర్వాతో అది కడుపునిండా అన్నం తింది.

ఎంక్వైరీ గదిలో పొడుగాటి బల్ల, దాని మీద మూత పెట్టిన మంచినీళ్ల గ్లాసు, గోడకి ఆగిపోయిన గడియారం. నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. బాబాయ్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. చెల్లెలు లేచి తన కుర్చీ ఆయనకిచ్చింది, మోకాళ్ల నొప్పులు కదా మరి.

"గంట ఎవరు కొట్టారు?" అని ఆఫీసరు అడిగాడు.

"ఈ అమ్మాయే సార్. ముందు డోరు దగ్గర నుంచి, వెనక చూడకుండా లాగేసింది. మంచి పిల్లే, పాపం. ఆ రోజు ఎందుకో పరధ్యానంగా ఉంది."

 చెల్లెలు మెల్లగా, "బాబాయ్, నా మొహం చూసి చెప్పండి" అంది.

చూశాడు. చూసి, అదే మాట అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చెప్పాడు. ఆ 'పాపం' అనే మాటతో సహా! రాకుండా ఇంట్లో పడి ఉన్నా సరిపోయేది కదా? ఉండలేడు. తను రాకపోతే ఇంకెవరైనా నోరు విప్పి తన పేరు చెబుతారేమోనని భయం. వెళ్తూ వెళ్తూ గ్లాసు మూత తీసి నీళ్లు కూడా తాగి వెళ్లాడు. నాకు కడుపు మండిపోయింది, ఇప్పటికీ ఆరలేదు.

ఉద్యోగం పోయింది. దాని కూతురు కాలేజీ మానేసి అమ్మమ్మల వయసు వాళ్లతో కలిసి ప్యాకింగు పనికి వెళ్తోంది. చెల్లెలికి సిటీలో ఒక పెద్ద బట్టల షాపులో నేల తుడిచే పని దొరికింది. అక్కడికి పొద్దున్నే వెళ్లాలంటే ఆ బస్సే గతి. మొదటి రోజు ఒక్కదాన్నే పంపబుద్ధి కాక నేనూ తోడు వెళ్లాను.

బస్సు కిక్కిరిసి వచ్చింది. కొత్త కండక్టరు ఎవరో, ముందెక్కడో ఇరుక్కుని ఉన్నాడు, గొంతు మాత్రమే వినబడుతోంది. చెల్లెలు చంకలో సంచి పెట్టుకుని, కమ్మీ పట్టుకుని, వెనక మెట్టు మీద ఒక కాలు పెట్టింది. పక్కన కిటికీలోనే ఆయన.

"బాబాయ్, రైట్ చెప్పండి!" అని ముందు నుంచి కేక వినబడింది.

ఆయన అలవాటుగా తల బయటికి పెట్టాడు. మా చెల్లెలి మొహం చూశాడు. మెట్టు మీద దాని కాలు చూశాడు. "ఒక్క క్షణం బాబాయ్, ఎక్కుతున్నా" అంది అది. ఆయన తల లోపలికి తీసుకుని చెయ్యెత్తాడు.

రెండు గంటలు మోగాయి. ఆ చప్పుడు తర్వాత ఏం జరుగుతుందో మా చెల్లెలికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? కాలు చటుక్కున కిందికి తీసి, నన్ను రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. బస్సు మా ముందు నుంచే వెళ్లిపోయింది. నేను నడిరోడ్డు మీద నిలబడి, వాడి ఏడు తరాలనూ నోటికొచ్చినట్టు తిట్టిపోశాను.

"అరవకు అక్కా," అంది చెల్లెలు, సంచి దుమ్ము దులుపుతూ. "ఈసారి చూసే లాగాడు."