మూరకొక్క దెబ్బ

మొన్న స్టేషన్ ఘన్‌పూర్‌లో మా ఇంటి అరుగు మీద చెల్లెలి కూతురు ఫోనులో పాఠం వింటుంటే, ఒక మాట చెవిన పడి నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. బొమ్మాబొరుసూ వేసి నింపినట్టు ఎట్లా పడితే అట్లా వచ్చిన అంకెలతో నిండిన మాత్రిక, అదే మ్యాట్రిక్స్, ఎంతకు మించి పెద్దది కాదో, ఒకవేళ మించే అవకాశం ఎంత తక్కువో తేల్చే పాఠం అది. అందులో మొదట చెప్పే ఉపాయం, ముప్పై ఏళ్ల కిందట పరిశోధన విద్యార్థినిగా నేను రాసుకుని, నా చేతులతో నేనే చంపుకున్నది.

మాత్రిక ఎంత పెద్దదో తేలాలంటే, అది ఒక గీతను ఏ దిక్కున ఎంత సాగదీస్తుందో చూడాలి, దిక్కులకేమో అంతు లేదు. నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుని, సెలవులకు భూపాలపల్లి వెళ్లినప్పుడు, బొగ్గు గనిలో పనిచేసే మా బాపును, పైకప్పు గట్టిదో కాదో ఎట్లా తెలుస్తుందని ఊరికే అడిగాను. కర్ర పట్టినట్టు చెయ్యెత్తి చూపించాడు.

"అంతట కొడ్తమా బిడ్డా? మూరకొక్క దెబ్బ కొట్టి సప్పుడు ఇంటం. రెండు దెబ్బల నడుమ మోసముండదు."

అదే నాకు దారి చూపింది. దగ్గరదగ్గరగా కొన్ని దిక్కులే ఎంచుకుని, ఒక్కోచోట హద్దు దాటే అవకాశం లెక్కగట్టి కూడితే, మిగతావన్నీ వాటి నడుమ ఇమిడిపోయాయి. తన మాట పెద్ద చదువులోకి ఎక్కిందని బాపు క్వార్టర్లన్నీ తిరిగి చెప్పుకున్నాడు.

సెమినారులో ఆ కర్ర సంగతితోనే మొదలుపెట్టి, గిట్ల కొడితే అన్నానో లేదో, ముందు వరుసలో నవ్వు పుట్టింది. సినిమాల్లో మా యాసకు నవ్వే నవ్వే. మా గైడు కూడా నవ్వాడు. నా లెక్కలో ఒక్క వరుస తప్పని ఎవరూ అనలేదు, నేనే సుద్దముక్క పెట్టేసి, ఎక్కడో తప్పు దొర్లిందని చెప్పి దిగిపోయాను. దొర్లలేదని నాకు అప్పుడే తెలుసు. ఆ పిరికితనాన్ని ఈనాటికీ క్షమించుకోలేను.

"నిలిచిందా బిడ్డా?" అని బాపు ఆశగా అడిగాడు. నవ్వారని చెప్పడానికి నోరు రాక, ఆ ఉపాయమే తప్పని తేలిందన్నాను.

"మరి మేం ఇన్నేండ్లు గట్లనే కొడ్తున్నం గద," అన్నాడు, అంతే.

ఇప్పటి పిల్లలు నయం. మా చెల్లెలి కూతురు క్లాసులో మన మాటల్లోనే ప్రశ్నలడుగుతుంది, ఎవరూ నవ్వరట. సంతోషమే, కానీ నేను చెప్పిన అబద్ధం బాపును వదల్లేదు. బాపు పోయాక ఆయన జతగాడు చెప్పాడు, రిటైరయ్యే రోజు వరకూ మా బాపు కప్పును జానకొక్క దెబ్బ కొట్టేవాడట, ఎందుకని అడిగితే, మూరకొక్కటి చాలదని మా బిడ్డ లెక్క చేసి చూసింది అనేవాడట.