నా కాళ్ల మీద వచ్చిన రిఫండ్

ఆదాయపు పన్ను కాగితాల ప్రకారం నేను మూడేళ్లు తీవ్ర వైకల్యం ఉన్న మనిషిని. ఆ మూడేళ్లూ జ్ఞానాపురంలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని కుట్టు మిషను తొక్కుతూనే ఉన్నాను. క్రిస్మస్ నెలలో అయితే జాకెట్ల గుట్ట నా తల కంటే ఎత్తుండేది, సాయంత్రానికి పాదాలు వాచిపోయేవి. వాచిన కాళ్లతోనే వంట, వాచిన కాళ్లతోనే ఆరాధన. కాగితాల్లో అలా ఉన్న సంగతి మా ఆయన పోయాక గానీ నాకు తెలియలేదు.

ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటర్. మా మేనత్త కొడుకే, అందుకని పెళ్లయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. ఓడలోంచి బొగ్గు ఎత్తీ ఎత్తీ ఆయన చెవి మడతల్లో ఎప్పుడూ నల్లటి గీత ఒకటి ఉండేది. ఎంత రుద్దినా పోయేది కాదు. జీతం బాగానే వచ్చేది. పన్ను కూడా అందులోంచే కోసుకునేవాళ్లు. జూలై వచ్చిందంటే క్యాంటీన్‌లో ఒకాయన పాత బియ్యం సంచీ పట్టుకుని బల్లల మధ్య తిరిగేవాడట. జీతం, కోసిన పన్ను రాసిన ఫారం పదహారు కాగితాలన్నీ అందరూ ఆ సంచీలో వేసేవారు. ఆ సంచీ ద్వారకా నగర్‌లో ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లేది. నెలో రెండు నెలలో అయ్యాక బ్యాంకులో రిఫండ్ పడేది. పడిన దాంట్లో పదో వంతు ఏజెంటుకి.

అదే వీధిలో ఒక పెద్దాయన ఆడిటర్ కూడా ఉండేవాడు. ఆయన వెయ్యి రూపాయలు తీసుకుని, లెక్క చూసి, నీకు వెనక్కి వచ్చేది నాలుగు వందలయ్యా అని చెప్పేవాడట. ఇంక ఆయన దగ్గరికి ఎవడు వెళ్తాడు? చెయ్యి మంచిది కాదని పేరు పడిపోయింది. ఇంట్లో కూర్చుని ఎవరి రిటర్న్ వాళ్లే వేసుకోవచ్చని, దానికి పైసా ఖర్చు లేదని మాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ వెబ్‌సైటు తెరిస్తే వెయ్యి గళ్లు, ఏ గడిలో తప్పు పడితే ఏం మీదికొస్తుందో అని భయం. పైగా నేను జాకెట్లు కుట్టి బతికేదాన్ని. ఎవరి జాకెట్టు వాళ్లే కుట్టుకుంటే నా గతేంటి? పని తెలిసినవాడికి డబ్బిచ్చి చేయించుకోవడం తప్పని నేనెలా అంటాను?

క్రేన్ ఎక్కేటప్పుడు ఫోను కింద లాకర్లో పెట్టేయాలి. షిఫ్టు అయ్యేదాకా మళ్లీ ముట్టుకోకూడదు. ఏజెంటుకేమో పగలే పని. అందుకని ఆయన నా ఫోను నంబరు ఇచ్చాడు. ఆయనే కాదు, ఆ సంచీలో కాగితాలు వేసినవాళ్లలో సగం మంది తమ భార్యల నంబర్లే ఇచ్చారు. మొదటి ఏడు ఫోను వచ్చినప్పుడు జాలరిపేట నుంచి వచ్చే చేపలామెతో గుమ్మంలో బేరమాడుతున్నాను.

"అక్కా, మీ ఫోనుకి ఆరంకెల నంబరొకటొచ్చుంటది. బేగీ సెప్పండి, పది నిమిసాల్లో పోద్ది."

చెప్పాను. చేతికి అంటిన పొలుసు ఫోను అద్దం మీద అంటుకుంటే కొంగుతో తుడిచి మరీ చదివి చెప్పాను. రెండో ఏడూ అంతే, మూడో ఏడూ అంతే. ఆ నంబరు పైన ఇంగ్లీషులో ఇంకేదో రాసి ఉండేది. ఇంటర్ దాకా మిషన్ స్కూల్లో చదివినదాన్ని, చదవలేక కాదు, చదవలేదు.

మొదటి ఏడు ఇరవై ఆరు వేలు పడ్డాయి. ఓలమ్మో, ఎంత సంబరపడ్డామో! ఏజెంటుకి పదో వంతు ఇచ్చాం. దేవుడికి దశమభాగం అని ఇంకో పదో వంతు కవర్లో పెట్టి చర్చిలో ఇచ్చాం. ఆదివారం సాక్ష్యం కూడా చెప్పాను, అనుకోని మేలు జరిగిందని. మిగిలిన దాంతో ఫ్రిజ్ కొన్నాం. తర్వాతి రెండేళ్లవి మా అమ్మాయి నర్సింగ్ కాలేజీకి, మధురవాడలో హాస్టలుకి కట్టేశాం.

ఫిబ్రవరిలో ఒకరోజు డ్యూటీకి తయారవుతూ, స్టూలు మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ ఆయన ముందుకి ఒరిగిపోయాడు. ఒక బూటు కట్టి ఉంది, రెండోది కట్టలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక సమాధి దగ్గరికి వెళ్లి, కాసేపు కూర్చుని, ఆ వారం సంగతులన్నీ చెప్పి వచ్చేదాన్ని. ఎవరేమనుకుంటే నాకేం, బతికున్నప్పుడు షిఫ్టుల మధ్య చెప్పుకోవడానికే దొరికేవాడు కాదు.

వేసవిలో ఆయన పేరు మీద పన్ను ఆఫీసు నుంచి పోస్టులో ఉత్తరం వచ్చింది. అంతకు ముందు నా ఫోనుకి కూడా ఏవో మెసేజ్‌లు వచ్చాయి. మోసగాళ్లు పంపుతున్నారనుకుని అన్నీ తీసేశాను. మా అమ్మాయి సెలవులకి ఇంటికొచ్చి ఉంది. అదే చదివింది. మీరు మూడేళ్లుగా ఒక మినహాయింపు తీసుకున్నారు, నిజమైతే ఆధారాలు పెట్టండి, కాకపోతే సరిచేసి పన్ను కట్టండి అని ఉంది. ఏజెంటుకి ఫోను చేశాను. ఎత్తలేదు. పదిసార్లు చేశాను. పదకొండోసారి స్విచాఫ్.

"మనమే చూద్దాం అమ్మా" అంది మా అమ్మాయి.

పన్ను వెబ్‌సైటులో చనిపోయిన మనిషి ఖాతా తెరవాలంటే నేను వారసురాలినని ముందు నిరూపించుకోవాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, నా పాన్ కార్డు అన్నీ ఎక్కించి చాలా రోజులు ఆగాం. చివరికి తెరుచుకుంది. మా అమ్మాయి పాత రిటర్న్ ఒకటి దించి, మంచం మీద కూర్చుని పైనుంచి కిందికి చదువుకుంటూ పోయింది. మధ్యలో ఆగిపోయింది.

"ఏటే?" అన్నాను.

"నీ గురించే అమ్మా. నాన్న మీద ఆధారపడిన మనిషి, భార్య, తీవ్ర వైకల్యం అని ఉంది. నీ ఆధార్ నంబరు కూడా ఉంది. దానికని నాన్న ఆదాయంలోంచి లక్షా పాతిక వేలు తగ్గించారు."

దాచడమెందుకు, ఆ రోజు నేను ఏడవలేదు. తిట్టాను. గోడ మీద ఫొటోలో నవ్వుతున్న మనిషిని నిలబెట్టి తిట్టాను. మూడు షిఫ్టులకీ క్యారేజీ కట్టిన దాన్ని, నీ తల్లి మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టిన దాన్ని, నన్ను అవిటిదాన్ని చేసి అమ్ముకున్నావా అని అడిగాను. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు అని ఆయన అందరితోనూ చెప్పేవాడు. ఆ మాటే ఏజెంటు ముందు కూడా అన్నాడేమో, వాడు దాన్ని పెద్దది చేసి రాసి చూపిస్తే సరే అన్నాడేమో. డబ్బు పోతే పోతుంది. ఆయనకి తెలిసే చేశాడా, తెలియకా? నాకు కావలసింది ఆ ఒక్క ముక్క. చెప్పేవాడు మట్టిలో ఉన్నాడు. నాలుగు ఆదివారాలు నేను సమాధి దగ్గరికి వెళ్లలేదు.

అయిదో వారం ద్వారకా నగర్ వెళ్లాను. ఏజెంటు ఆఫీసు మూడో అంతస్తులో, కోచింగ్ సెంటర్ పైన. లిఫ్టు పాడైంది. మెట్లెక్కాను. వాడు నేననుకున్నట్టు దొంగ మొహంతో లేడు. ముప్పై ఏళ్ల కుర్రవాడు, నుదుటి మీద బొట్టు, బల్ల మీద టిఫిన్ బాక్సు. లేచి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"ఏటక్కా, ఇంత దూరం మీరెందుకొచ్చినారు? ఫోను సేత్తే సరిపోను కదా."

"సేత్తే ఎత్తినావా నువ్వు? నాకు వైకల్యం అని రాసింది ఎవులు?"

తల దించుకుని బాక్సు మూత పెట్టాడు. "కోప్పడకండక్కా. మీ ఒక్కరికే కాదు. ఎవలికి ఏది సరిపోతాదో అది రాత్తాం. ఒకలికి పెద్ద జబ్బని రాత్తాం, ఒకలికి చందా ఇచ్చినాడని రాత్తాం. మీ ఇంటికి కాళ్లు అని నా పుస్తకంలో రాసుకున్నాను."

"నా పెళ్లానికి కాళ్లు నేవని ఆయన నోటితో సెప్పినాడా?"

"నేదక్కా. ఆయనకేటీ తెల్దు. ఫారం పంపీసేవోడు, డబ్బులు పడ్డాక నా వంతు ఇచ్చీసేవోడు. అంతే."

అప్పుడు కూర్చున్నాను. నాలుగు వారాలుగా గుండెల మీద పెట్టుకున్న బండ ఎవరో తీసేసినట్టయింది. ఆయనకి తెలియదు. అబ్బా, ఎంత చల్లటి మాట! నేను మెత్తబడ్డాననుకున్నాడో ఏమో, వాడు గొంతు తగ్గించాడు.

"ఇప్పుడైనా పోయిందేటి నేదక్కా. నాకు తెలిసినాయనున్నాడు. కాళ్లకి ఎనబై శాతం అని పాత తేదీతో సర్టిఫికెట్ ఇప్పిత్తాను. పదిహేనేలవుద్ది. అది పెట్టీసినామంటే ఇంక కట్టక్కర్నేదు."

"మూడంతస్తులు మెట్లెక్కి నీ ముందుకొచ్చినాను. కనిపిత్తన్నానా నీకు?"

"కాయితం మీదే కదక్కా."

ఒళ్లు మండిపోయింది. లేచి, నీ మీద కంప్లైంటు ఇస్తాను, ఆ సంచీలో కాగితాలు వేసిన వాళ్లందరినీ తీసుకొస్తాను అన్నాను. వాడికి కోపం రాలేదు. కంప్యూటర్లో ఆయన రిటర్న్ తెరిచి నా వైపు తిప్పి, కింద ఒక వరుస మీద వేలు పెట్టాడు.

"ఇవ్వండి. దీంట్లో నా పేరెక్కడుందో సూపించండి. నాను రాసినాను గానీ, ఇది నిజమని ఒప్పుకోవాల కదా. ఆ నంబరు సెప్పడమంటే ఒప్పుకోడమే. అదే సంతకం. మూడేళ్లూ నంబరు సెప్పింది ఎవులక్కా? బావగారా, మీరా?"

వెనక్కి తిరిగి బయటికొచ్చేశాను. మెట్లు దిగుతుంటే నిజంగానే కాళ్లు నా మాట వినలేదు. రెండో అంతస్తులో గోడ పట్టుకుని నిలబడిపోయాను. కోచింగ్ సెంటర్ పిల్లలు పక్కకి తప్పుకుని దారిచ్చారు. అక్కడే గుర్తొచ్చింది.

మూడో ఏడు, రిఫండ్ పడిన తర్వాతి ఆదివారం. భోజనాలయ్యాయి. నేను మిషను మీద ఉన్నాను, మర్నాడు ఒక పెళ్లివారికి పదకొండు జాకెట్లు ఇవ్వాలి. ఆయన ఏజెంటు ఇచ్చిన కాగితం ఒకటి పట్టుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"వోడు ఏటి రాసినాడో ఓపాలి సదివి సెప్పే. నాకు ఇంగిలీసు అంత రాదు కదా."

"డబ్బులు పడ్డాయి కదా బావా, ఇంకేటి సదవాల? ఇక్కడ పీకల దాకా పనుంది."

"ఇంత ఎందుకొత్తందో అని."

"వత్తే వద్దంటావేటి? ఎల్లు, ఎల్లి పడుకో."

ఆయన కాగితం మడిచి ఎక్కడో పెట్టుకున్నాడు. ఎక్కడ పెట్టాడో వెతకడానికి ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా గదిలోకి వెళ్లాను. ఆయన బైబిల్‌కి జిప్పు కవరు ఉంది. దాని లోపలి అరలో దొరికింది. నాలుగు మడతలు. లక్షా పాతిక వేలు అన్న అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. అది దేని తాలూకో ఆయనకి తెలియలేదు. తెలుసుకోవాలని పెళ్లాం దగ్గరికి వచ్చాడు. ఆ రోజు ఏడ్చాను. మా అమ్మాయి కంగారుపడి నీళ్లు తెచ్చింది, నేను తాగలేదు.

సర్టిఫికెట్ వద్దన్నాను. ఏజెంటూ వద్దు, ఎవరూ వద్దు, మనమే వేద్దామన్నాను. మా అమ్మాయి, నేను వారం రోజులు కూర్చున్నాం. ఒక్కొక్క గడికీ అర్థం వెతుక్కుంటూ, తెలియని చోట ఆగుతూ, మూడేళ్లవీ సరిచేశాం. వడ్డీ, అదనపు పన్ను కలిపితే లక్ష దాటింది. ఆయన చనిపోయాక వచ్చిన డబ్బులోంచే కట్టాం. మా అమ్మాయి హాస్టలుకని దాచిన డబ్బు అది. ఇప్పుడు తెల్లవారుజామున అయిదింటికి లేచి రెండు బస్సులు మారి మధురవాడ వెళ్తోంది, ఒక్కసారి కూడా నన్నేమీ అనలేదు. చర్చికిచ్చిన దశమభాగం మాత్రం నేను వెనక్కి అడగలేదు, ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

చివరి రిటర్న్ పంపే రోజున ఫోను మోగింది. మా అమ్మాయి కీబోర్డు మీద చెయ్యి పెట్టి, "నంబరు చెప్పమ్మా" అంది. అది మామూలుగానే అంది. నాకు మాత్రం చేపల వాసన కొట్టింది. ఫోను దాచుకుని, "ఆగు, ముందు నన్ను చదవనీ" అన్నాను. పేరు నుంచి చివరి వరుస దాకా చదివేసరికి నంబరు గడువు అయిపోయింది. మళ్లీ తెప్పించుకున్నాం. ఈసారి మా అమ్మాయిని పక్కకి జరగమని, నంబరు నేనే టైపు కొట్టాను.

ఆదివారం ఆరాధన అయ్యాక సమాధి దగ్గరికి వెళ్లాను. నాలుగు వారాలు కాస్తా ఏడు వారాలయ్యాయి, గడ్డి మొలిచింది. పీకేసి, రాయి మీద బొగ్గు దుమ్ము తుడిచి, కూర్చున్నాను. సంచీలోంచి కొత్త కాగితాలు తీశాను.

"సదవమన్నావు కదా బావా, ఇను" అన్నాను.

ఇంగ్లీషు ఒక ముక్క చదివి, తెలుగులో చెప్పి, మళ్లీ ఇంకో ముక్క. పక్క సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తున్న ముసలామె నన్నే చూస్తూ ఉండిపోయింది. ఆయన పేరు, జీతం, కోసిన పన్ను, అన్నీ చెప్పాను. ఆయన సున్నా చుట్టిన చోటు వచ్చింది. అక్కడ ఇప్పుడు ఏ అంకె లేదు. వేలు పెట్టి, ఇక్కడ ఏమీ లేదు బావా అని చెప్పి, తర్వాతి వరుసకి వెళ్లాను.