చెదలు తిన్న ఆఖరి పేజీలు

మా చిన్నప్పుడు... ఎమ్మిగనూరులో మా వెనక వీధి మస్తానన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే, నేను గడప మీద కూర్చుని ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులో చెప్పేదాన్ని. నాకు పదకొండేళ్లు, అతనికి పంతొమ్మిది.

పుస్తకం మా నాన్నది. ఆయన బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. అందులో ఎందరో పరుగువీరుల జీవితాలున్నా మస్తానన్నకు ఒక్కరిదే కావాలి... పోయిన శతాబ్దం మొదట్లోని ఒక యూదు కుర్రాడిది. మతం పేరుతో సొంత ఊళ్లో బతకనీయకపోతే తల్లిదండ్రులతో ఓడెక్కి పరదేశం చేరాడు. పగలంతా దర్జీ కొట్లో కుట్టుపని. తెల్లవారితే మైళ్ల కొద్దీ పరుగు. యూదుడని పరుగుల సంఘం చేర్చుకోకపోయినా మానలేదు.

"ఆయప్పది గూడా మన మాదిరి గుడ్డ పనే కద పాపా" అని మురిసిపోయేవాడు మస్తానన్న. వాళ్లమ్మ కాసింబీ మాత్రం, కాళ్లు రోడ్డుకు అరగదీస్తే మగ్గానికి ఏం మిగులుతాయని సణిగేది.

ఆ వేసవిలో ఆదోని మిల్లు వాళ్లెవరో ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా పరుగు పందెం పెట్టారు. గెలిచినవాడికి మిల్లులో ఉద్యోగం. మగ్గం గుంటలోంచి బయటపడడానికి మస్తానన్నకు అదొక్కటే దారి. కానీ పందెం రంజాన్ నెలలో, రోజా ఉపవాసాల మధ్య పడింది...

పుస్తకంలోనూ అలాంటి రోజే ఒకటి ఉంది. యూదుల ఉపవాసం నాడు పెద్ద పందెం. చుక్క నీరు ముట్టకుండా ఆ కుర్రాడు పరుగు మొదలుపెట్టాడు... అక్కడితో సరి. తర్వాతి పేజీలు చెదలు తినేశాయి.

పందేనికి ముందు రోజు మస్తానన్న మగ్గం ఆపి అడిగాడు. "గెల్సినాడా, లేదా? అది సెప్పు పాపా."

పేజీలు లేవని చెప్పాల్సింది. అతని మొహం చూసి చెప్పలేకపోయాను.

"గెల్సినాడన్నా" అన్నాను. అంతటితో ఆగక, చివరిదాకా నీళ్లు కూడా తాగలేదని కలిపాను.

మా నాన్న సైకిలు మీద వెంట వెళ్లారు. ఆదోని కొండలు కనిపించేచోట మస్తానన్న అందరికన్నా ముందున్నాడట. కానీ తూలుతున్నాడు. నాన్న నీళ్లు అందించి, దారిలో ప్రాణం మీదికొస్తే రోజా విడవచ్చని మీ అమ్మే చెప్పి పంపిందన్నారట.

"ఆయప్ప తాగలేదు కద సార్" అన్నాడట మస్తానన్న.

ఆ మాట అన్న కాసేపటికే రోడ్డు మీద పడిపోయాడు.

ప్రాణం దక్కింది. కాళ్లలో పట్టు మాత్రం తిరిగి రాలేదు. మగ్గం తొక్కలేక, ఇంట్లో ఆడవాళ్లు చుట్టే నూలు కండెలు చుడుతూ కూర్చున్నాడు... చివరిదాకా. ఆ "ఆయప్ప" ఎవరో నాన్నకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నోరు విప్పలేదు.

నా పెళ్లయ్యాక ఒకసారి పుట్టింటికి వెళ్లి, రంజాన్ పండగనాడు అతన్ని చూశాను. నూలు చుడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "ఆయప్ప ఉపాసముండి గెల్సినాడు. నాకే సేతగాలేదు పాపా."

అప్పుడైనా చెప్పొచ్చు. పండగ సేమియా తిని వచ్చేశాను.

తర్వాత లెక్కల టీచరునయ్యాను. లెక్కలో లేని అంకె ఒక్కటి పిల్లలు వేసినా మొదటి నుంచి మళ్లీ చేయించాను. మా ఇంట్లోనూ అంతే... అందరికీ నేనంటే భయం.

మొన్న మనవరాలు ఫోనులో ఆ పరుగువీరుడి కథ వెతికి చదివింది. ఆ ఉపవాసం నాడు అతను సగం దారిలో ఆగిపోయి నీళ్లు తాగాడట. ఓడిపోయాడట. మరుసటేడు మళ్లీ పరుగెత్తి గెలిచాడట. ముసలితనం దాకా పరుగెడుతూనే ఉన్నాడట.

మస్తానన్న పోయి మూడేళ్లయింది.

ఇప్పుడు ఏ కథ ముగింపు కావాలన్నా వేలు తగిలిస్తే చాలు... మా రోజుల్లో అక్షరం వచ్చిన మనిషి ఏది చెబితే అదే నిజం. చిన్నప్పుడు మిమ్మల్ని కూడా ఎవరైనా అలా నమ్మారా? నమ్మి ఉంటే కింద రాయండి... వద్దు, ఆ మనిషి ఇంకా ఉంటే ముందు వెళ్లి నిజం చెప్పి రండి.