గంప కింద నిద్ర

“కుక్కపిల్లను నిద్రపుచ్చేదానికి కూలి ఏల ఇయ్యాలమ్మా?” అని మదనపల్లెలో ఎరువుల కొట్టు నడిపే శివకుమార్ అడిగాడు.

కుక్కపిల్లతో తన దొడ్డికి వచ్చిన ఆయన మాటకు కురబలకోటలో గొర్రెలు మేపే కెంపమ్మ నొచ్చుకోలేదు. “కుక్కకు గాదప్పా. నిన్ను గమ్మునుండేట్టు సేసేదానికి ఐదు నూర్లు.”

రెండు నెలల ఆ కుక్కపిల్ల ఎగిరెగిరి ఆయన కూతురు జాహ్నవి కాళ్లు కొరుకుతోంది. అలసిపోతే పడుకుంటుందని ఆయన బంతి విసిరి విసిరి దాన్ని ఇంకా రెచ్చగొట్టాడు. సాయంత్రానికి దారికి రాకపోతే ఎవరికైనా ఇచ్చేస్తాననేసరికి జాహ్నవి ఏడుపు మొదలుపెట్టింది.

కెంపమ్మ బంతి లాక్కుంది. గొర్రెపిల్లలను మూసిపెట్టే తన వెదురుగంపను తెచ్చి, నీడలో కుక్కపిల్ల మీద బోర్లించింది. అది కుయ్యోమంది. శివకుమార్ లేవబోయాడు.

“కూసోప్పా! సంటిబిడ్డ మాదిరి, నిద్ర సాలకే కొరుకుతాండాది.”

పది నిమిషాలకు గంప సందుల్లోంచి సన్నగా గురక వినిపించింది.

దీనికి పల్లె విజ్ఞానమని దండ వేయనక్కర్లేదు. ఏటా నలభై గొర్రెపిల్లలను సాకే మనిషికి ఇది పని, పనికి కూలి ఉంటుంది.

కుక్కపిల్ల ఇప్పుడు గంట ఆడితే రెండు గంటలు పడుకుంటుంది. జాహ్నవి దగ్గరే ఉంది. కెంపమ్మకు ఐదు వందల్లో రెండు వందలు ఇంకా రావాలి.