టార్చి వేయని శనివారం

బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన క్రీస్తుదాసు ఖానాపురం హవేలి అనే పేటలో, ఇళ్లల్లో గాజుతొట్లలో పెంచుకునే ఉప్పునీటి చేపలు అమ్ముతాడు. షాపులో లైట్లు ఆర్పి, పక్కనుంచి టార్చి కొట్టి చూడనిదే ఏ చేపనూ బయటికి పంపడు. అంటురోగమున్న చేపైతే ఒంటిమీద పసుపు చల్లినట్టు సన్నటి పొడి మెరుస్తుంది. దుమ్మును వెలుగులో చూడటం అతనికి బావిలో అబ్బిన అలవాటు.

ఆ శనివారం మాత్రం ఇంట్లో ప్రార్థన కూటానికి ఆలస్యమవుతోందని, టార్చి తీయకుండానే శోభారాణి టీచరుకు చేపను కవర్లో వేసి ఇచ్చేశాడు.

నాలుగో రోజు ఆమె ఫోన్ చేస్తే వాళ్లింటికి పరుగెత్తాడు. అప్పటికే తొట్టిలోని పాత చేపలు మూడూ చచ్చిపోయాయి. కొత్తది రొప్పుతోంది. టార్చి కొడితే దాని ఒంటినిండా అదే పొడి. దాన్ని వేరే తొట్టిలోకి మార్చి, రాగి మందు కొలిచి వేశాడు.

“మొన్న నీళ్లు మార్చిన. ఉప్పే తప్పు కలిపిన్నేమో అన్నా,” అంది టీచరు, ఏడుపు ఆపుకుంటూ.

“ఒక్కోసారి గట్లయితది టీచరమ్మా,” అన్నాడు. టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

కొత్త చేప బతికింది. నెల తర్వాత ఆమె ఉప్పు డబ్బా పట్టుకుని షాపుకొచ్చింది.

“సక్కగ నేర్పు అన్నా. నా చేతుల ఇంకోటి చావొద్దు.”

ఏ తప్పూ చేయని ఆ మనిషికి క్రీస్తుదాసు గంటసేపు ఉప్పు కలపడం నేర్పాడు.