స్నేహలత మీదికొచ్చిన సవతి

మా ఇంటికీ సోమమ్మ ఇంటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒక్కటే. నేను కుట్టుమిషను కిటికీ పక్కన వేసుకుని కూర్చుంటాను కాబట్టి ఆ ఇంట్లో గిన్నె కింద పడ్డా నాకు తెలుస్తుంది. కరుణ చాటుగా వింటుందని వెనకాల అంటారట, అననీ. గోడ కట్టుకున్నది వాళ్లే. అంత బాధైతే ఇంకో రెండు వరసలు లేపుకోవాల్సింది.

ఆ ఇంటి కోడలు స్నేహలత. నార్కట్‌పల్లి దగ్గరి పిల్ల. పొడుగు మనిషి, మొగుడు గిరి పక్కన నిలబడితే వేలెడు ఎక్కువే. పెండ్లిలో అందరూ ఆ మాటే అనుకున్నారు. వాళ్ల నాయినకు బర్రెలుండేవి. పదో తరగతిలో ఉండగానే ఎక్సెల్ బండికి రెండు పక్కలా పాలక్యాన్లు కట్టుకుని, హైవే మీద లారీల పక్క నుంచి పాలకేంద్రానికి పోయేదట. తర్వాత వాళ్లన్న గేర్ల బండి కొంటే అదీ ఈమె చేతికే వచ్చింది, ఎందుకంటే అన్న పొద్దున్నే లేవడు. అలాంటి పిల్ల మా తిరుమలగిరికి కోడలుగా వచ్చాక హాండిలు ముట్టలేదు. కోడలు బండి నడపొద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. అనాల్సిన పనే పడలేదు. తాళం ఎప్పుడూ గిరి జేబులోనే ఉండేది.

గిరి పని గొర్లను డీసీఎం వ్యానులో ఎక్కించి సంతలకు తోలడం. వారంలో ఆరు రోజులు ఇంటి పట్టున ఉండడు. ఉన్న ఆ ఒక్క ఆదివారమైనా పెండ్లాం మొహం చూస్తాడా అంటే, రెండేళ్ల కింద దసరా ముందు ఒక బండి తెచ్చాడు. వాటాకు వచ్చిన గొర్లు అమ్మి, హైదరాబాదులో ఎవరో వాడిన బండి పట్టుకొచ్చాడు. ఆరువందల యాభై సీసీ అట. ఎర్రది. ముందు టాంకు మీద పడుకున్నట్టు వంగి నడపాలి. వెనక పీటంత సీటు, అదీ ముందు సీటు కంటే జానెడు ఎత్తున. చప్పుడు మాత్రం, ఒట్టు, స్టార్టు చేస్తే నా మిషను మీదున్న కత్తెర కదిలేది.

వాళ్ల కులంలో ఇంటికి కొత్త బండి వస్తే ఆడబిడ్డదే పెత్తనం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేదీ ఆమే, కొబ్బరికాయ కొట్టేదీ ఆమే, మొదట ఎక్కి బీరప్ప గుడి దాకా పోయివచ్చేదీ ఆమే. గిరి చెల్లెలు నవనీత మహబూబ్‌నగర్ నుంచి పంజాబీ డ్రెస్సులో దిగింది. అటో కాలు ఇటో కాలు వేసి దర్జాగా ఎక్కి కూర్చుంది. స్నేహ పట్టుచీర కట్టుకుని హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. బండి సందు తిరిగేదాకా చూసి పళ్లెంలో కర్పూరం ఊదేసింది. అది ఆరిపోయేదాకా ఆగాలి, ఊదొద్దు. ఆ సంగతి స్నేహకూ తెలుసు.

వాళ్లు తిరిగొచ్చాక నేనే ఉండబట్టలేక అన్నాను, "గిరీ, ఇగ నీ పెండ్లాన్ని గూడ ఒక చక్కర్ తిప్పుకరా" అని.

"చీరెతోటి గా సీటు మీద కూసునుడు కాదు వదినె. ఒక్క పక్కకు కూసుంటె జారి పడ్తది" అన్నాడు గిరి, అదేదో లోకధర్మమైనట్టు.

నిజమే, పడుతుంది. కానీ ఆ నిజం చెప్పేటప్పుడు వాడి మొహంలో చింతాకంత బాధ లేదు. అదే నాకు మండింది. నవనీతను చూసి కూడా మండింది. మా ఆయన మోపెడ్ మీద ఎరువు బస్తా వెనక కూర్చుని పదిహేనేండ్లు తిరిగినదాన్ని, నాకు మండదా?

ఇక అక్కణ్నుంచి ప్రతి ఆదివారం అదే తంతు. పొద్దున లేస్తూనే బండి కడగడం. ముందు షాంపూ, తర్వాత మెత్తటి గుడ్డ. చైను సందుల్లో చిన్న బ్రష్షు పెట్టి రుద్దడం చూస్తే మనిషి పళ్లు కూడా అంత శ్రద్ధగా తోముకోడు. మెత్తటి గుడ్డ ఎక్కడిదనుకున్నారు, స్నేహ పాత నూలు చీర. ముక్కలు చేసి ఇమ్మని నా దగ్గరికే తెచ్చాడు. నా కత్తెరకు అది తెగదని పంపించాను.

వాళ్ల వాకిలి రోడ్డు కంటే పల్లం. బండి లోపలికి దూరుతుంది సరే, బయటికి తీయాలంటే వెనక్కి, ఎత్తు మీదికి నెట్టాలి. గిరి హాయిగా పైన కూర్చుని హాండిలు పట్టుకుంటాడు. స్నేహ ముందు నిలబడి, పైట నడుముకు దోపుకుని, రెండు చేతులా తోస్తుంది. రోడ్డెక్కగానే వాడు హెల్మెట్ పెట్టుకుని నందికొండ దారి పడతాడు. సాగర్ డ్యామ్ దగ్గర చేపలు తిని, తనలాంటి బండ్లవాళ్లతో ఫొటోలు దిగి, పొద్దు గూకే ముందు వస్తాడు.

"ఎక్కేది ఆయన, తోసేది నేను" అంది స్నేహ ఒకరోజు గోడ దగ్గర. "మనిషి సవతి అయితే కొప్పు వట్టి కొట్లాడేదాన్ని అక్కా. గీ ముండకు కొప్పు గూడ లేకపాయె."

నవ్వుతూనే అంది. కానీ మధ్యాహ్నం దాటితే గోడ దగ్గరికి వచ్చి నిలబడేది. చెవులన్నీ నందికొండ రోడ్డు మీదే. "అక్కా, జర మిషను ఆపు. చప్పుడు ఇనవడుతాందా?" అని అడిగేది. నేను ఆపేదాన్ని. ఏమీ వినబడేది కాదు. పది నిమిషాలకు మళ్లీ అడిగేది. మొదట్లో మొగుడి కోసం ఎదురుచూస్తోందనుకున్నాను. చూడగా చూడగా తెలిసింది. బండి సందులోకి తిరిగేటప్పుడు ఆమె కళ్లు మొగుడి మొహం మీద ఉండేవి కావు. ఎడమ చెయ్యి మీద, ఎడమ కాలి మీద ఉండేవి. ఎక్కడ గేరు దించుతున్నాడో, ఎక్కడ క్లచ్చు వదులుతున్నాడో అక్కడ ఉండేవి. బండిని చూసి కాదు, బండి మీదున్నవాణ్ని చూసి కుళ్లుకుంటోంది పిల్ల. దానికి కావాల్సింది వెనక సీటు కాదు.

నిరుడు వానాకాలంలో ఒక సంగతి జరిగింది. వాళ్ల పెండ్లిలో పిల్లనూ పిల్లగాన్నీ కూర్చోబెట్టేది నల్ల గొంగడి మీద. ఆ గొంగడి మడత పెట్టి దాచుకుంటారు, ఎవరూ వాడరు. ఆ రోజు గిరి నందికొండ నుంచి వచ్చి బండి ఆపాడో లేదో వాన దంచుకుంది. బండి మీద కప్పే రెక్సిన్ గుడ్డను మేకపిల్లలు సీటెక్కి గంతులేసి ఎప్పుడో చింపేశాయి. సోమమ్మ కంగారుగా లోపలికి పోయి సందుగ పెట్టె తీసి, చేతికందిన గొంగడి తెచ్చి బండి మీద కప్పింది. ముసలిది గొంగడి కింద వానకు తడవకుండా బతికిన మనిషి, మంచే చేశాననుకుంది. గొంగడి వానకైతే ఆగుతుంది గానీ కాలిన సైలెన్సర్‌కు ఆగుతుందా? ఉన్ని మాడిన కంపు మా ఇంట్లోకి వచ్చింది. నేను గొడుగు వేసుకుని గోడ దగ్గరికి పోయేసరికి గిరి సైలెన్సర్‌కు అంటుకున్న ఉన్నిని గీకుతూ "అయ్యో, మచ్చ వడ్డది, మచ్చ వడ్డది" అని మొత్తుకుంటున్నాడు. స్నేహ గొంగడి పట్టుకుని నిలబడింది. నడిమధ్యన అరచేయంత బొక్క.

అత్తను ఒక్క మాట అనలేదు. గిరినే అడిగింది.

"ఇది ఏం గొంగడో ఎరుకేనా?"

"ఎరుకే. అమ్మకు తెల్వక కప్పింది. ముందుగాల ఈ మచ్చ చూడు."

"గీ గొంగడి మీద నాకు జాగ ఇచ్చినవు. ఇప్పుడు ఇది గూడ దానికే పాయె. మరి దాని మీదనన్న నాకు జాగ ఇయ్యవా?"

"చీరెతోటి ఎనక కూసునరాదని చెప్పలేదా?"

"ఎనక గాదు. ముందట."

గిరి నవ్వాడు. వానలో తడుస్తూ మరీ నవ్వాడు. "ఇది పాలక్యాన్ల ఎక్సెల్ కాదే. రెండువందల కిలోల బండి. మీద వడ్డదంటె పచ్చడైతవు" అన్నాడు. వారం వారం ఆ రెండువందల కిలోలను గడ్డెక్కిస్తున్నది ఎవరో వాడికి గుర్తే రాలేదు.

మూడో రోజు స్నేహ నా దగ్గరికి గుడ్డ తెచ్చింది. పంజాబీ డ్రెస్సు కుట్టమంది. "కాళ్ల దగ్గర బిగుతుగ పెట్టు అక్కా. చైన్ల వడొద్దు" అంది. నేను తలెత్తి చూశాను. కొలతలు తీసుకున్నాను. అంత సరిగ్గా నేను నా కూతురి పెండ్లి బట్టలు కూడా కుట్టలేదు.

ఆ డ్రెస్సు చాలా రోజులు మడత విప్పకుండానే ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోను పట్టుకుని స్నేహ గోడ దగ్గరికి ఉరికి వచ్చింది. నందికొండ దారి మలుపులో గిరి పడ్డాడట, మణికట్టు వాచిందట. "ట్రాలీ ఆటో పట్టుకరా, బండిని ఎవ్వలు ముట్టొద్దు అంటాండు" అని చెప్పి లోపలికి పోయింది. బయటికి వచ్చేటప్పటికి ఒంటి మీద నేను కుట్టిన డ్రెస్సు ఉంది. దొరికింది మామూలు ఆటోనే. ఇద్దరం ఎక్కాం.

మలుపు దగ్గర గిరి రాయి మీద కూర్చుని ఉన్నాడు. బండి పక్కకు పడి ఉంది. చుట్టూ గొర్రెలు, కదలనంటున్నాయి. ఆ మంద కాపరి బీరన్న నవ్వాపుకోలేక తలగుడ్డ మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"రోడ్డు దాటుతున్న గొర్లను చూసి హారన్ కొడితె పక్కకు జరుగుతుండె" అన్నాడు బీరన్న. "ఈయన నీళ్ల కాడికి పిలిచే పిలుపు పిలిచిండు. గొర్రె ఆగుతదా మరి? మందంత వచ్చి బండి మీద వడ్డది."

పుట్టినప్పటి నుంచి గొర్లలో పెరిగినవాడు. మంద కనబడేసరికి వేలు హారన్ మీదికి పోలేదు, నోరు తెరుచుకుంది. ఆగిన బండి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పాపం అనిపించింది, నవ్వూ వచ్చింది.

స్నేహ మొగుడి చెయ్యి పట్టి చూసింది, చున్నీతో మెడకు కట్టింది. తర్వాత బీరన్నను ఒక పట్టు పట్టమని బండి లేపింది. ఎక్కి కూర్చుంది. రెండు కాళ్లూ నేలకు నిండుగా ఆనాయి. గిరి ఆ కాళ్ల వంకే చూస్తున్నాడు.

"స్నేహా, వద్దు. ట్రాలీ వొస్తది."

"దవాఖానకు లేటైతది. ఎక్కు."

"నేను ఆటోల వొస్త."

"రా. బండి అయితె నాతోనే వస్తది" అంది, స్టార్టు చేసి.

ఆ చప్పుడు వినగానే గిరి లేచి నిలబడ్డాడు. ఆటో వైపు చూశాడు, బండి వైపు చూశాడు. దాన్ని తను లేకుండా పంపడం వాడి వల్ల కాలేదు. ఒక చేత్తో సీటు పట్టుకుని ఆ పీట మీదికి ఎక్కాడు. మొదటి గేరులో బండి ఒక కుదుపు కుదిపి ఆగింది. మళ్లీ స్టార్టు చేసింది. ఆటోలో వెనకనుంచి చూస్తూ నేను సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను. మలుపు దాకా మెల్లగా పోయింది. సాపు రోడ్డు రాగానే నా కళ్ల ముందు నుంచి మాయమైంది.

దవాఖానలో పట్టీ వేయించుకున్నాక గిరి నాతో అన్నది ఒకటే మాట. "ఎనక కూసుంటె ఏం కనవడదు వదినె. దాని వీపు తప్ప."

పట్టీ ఉన్నన్నాళ్లూ బండి స్నేహ చేతిలోనే ఉంది. కూరగాయలకు అదే, మందులకు అదే. ఊళ్లో ఎవరో సోమమ్మను దెప్పారు, కోడలు అట్లా తిరుగుతోందేమని. "చెయ్యి ఇరిగింది నా కొడుక్కు, నా కోడలికి గాదు" అందట ముసలిది. గిరి మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని తల్లడిల్లిపోయేవాడు. క్లచ్చు అట్ల వదలొద్దంటాడు, ఎండలో ఆపొద్దంటాడు. చాయ్ హోటల్లో ఎవడో "మీ ఆమె బండి మస్తుంది అన్నా" అన్నాడట, ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

పట్టీ విప్పారు. వాడు అడగకముందే స్నేహ తాళం తెచ్చి వాడి చేతిలో పెట్టింది. ఆదివారం గిరి బండి కడిగాడు, ఎక్కి కూర్చున్నాడు, కేకేశాడు. "స్నేహా! జర తొయ్యి."

స్నేహ బయటికి వచ్చింది. ఒంటి మీద అదే డ్రెస్సు, చేతిలో హెల్మెట్.

"దిగు" అంది.

"గదేంది? బండి నాది."

"బండి నీదే. మరి నేనో?"

గిరి టాంకు మీద ఒకసారి చెయ్యి రాశాడు. తర్వాత దిగాడు. ఆమె ఎక్కింది. వాడు ముందు నిలబడి, కొత్తగా అతికిన చేత్తోనే, గడ్డ మీదికి తోశాడు. రోడ్డెక్కాక స్నేహ వెనక్కి తిరిగి చూడలేదు. నందికొండ దారి పట్టింది.

మధ్యాహ్నం దాటింది. గిరి గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, సరిగ్గా స్నేహ నిలబడే చోటే. నా మిషను వంక చూశాడు.

"వదినె, జర ఆపుతవా? చప్పుడు ఇనవడుతాందా?"

మిషను ఆపి విన్నాను. దూరంగా, కాలువ వంతెన దగ్గర, గేరు దించిన చప్పుడు స్పష్టంగా వినబడింది.

"ఇంకా ఇనవడ్తలేదు గిరీ" అని చెప్పి మళ్లీ కుట్టసాగాను.