పక్క మంచం సాక్ష్యం

ఈ రోజు ఉప్పలగుప్తం నుంచి మా బాబాయినీ పిన్నినీ మెడికల్ బోర్డుకి తీసుకెళ్ళాను. బాబాయి ఆర్మీలో ఇరవై రెండేళ్ళు చేశారు. నిద్రలో ఆయన ఊపిరి ఆగిపోతూ ఉంటుంది. ఇప్పుడు ముక్కుకి మాస్కు తగిలించే మిషను లేనిదే పడుకోకూడదు. అందుకని వైకల్య పెన్షనుకి అర్జీ పెట్టుకున్నారు.

ఫైలు చూసిన అధికారి, "సర్వీసులో ఉన్నప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"నాకెలా తెలుస్తాదండీ? నిద్రలో ఉంటాను కదండీ," అన్నారు బాబాయి.

పిన్ని ముందుకొచ్చింది. "నాకు తెలుసండీ. సెలవుకి వచ్చినప్పుడల్లా గురక టక్కున ఆగిపోయేదండీ. భయమేసి తట్టి లేపేదాన్నండీ. ఆయన సెలవులన్నీ నాకు జాగారాలేనండీ."

"భార్య మాట చెల్లదమ్మా. బ్యారక్‌లో పక్కన పడుకున్నవాళ్ళ చేత రాయించి తెండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయి మాత్రం వరండాలోకొచ్చి, బ్యారక్‌లో పక్క మంచం మీద పడుకునే హర్యానా స్నేహితుడికి ఫోన్ చేశారు. హిందీలో మాట్లాడి పెట్టేశారు.

"ఏవన్నారండీ?" అంది పిన్ని.

"రాసిస్తాడంట. రోజూ నా మంచాన్ని తన్నేవాడు. గురక గోల పడలేకనుకున్నాను ఇన్నాళ్ళూ. ఊపిరి ఆగిందని హడిలిపోయి తన్నేవాడంట."

పిన్ని కళ్ళు తుడుచుకుంది. "ఆ బాబు కాళ్ళకి దణ్ణం పెట్టేనని చెప్పండి."

మంచాన్ని తన్నినాయన మాట చెల్లుతుందట, మనిషిని తట్టి లేపినావిడ మాట చెల్లదట. ఈ రూలు రాసిన మహానుభావుణ్ణి రోజూ ఎవరు నిద్ర లేపుతారో, మీకేమైనా తెలుసా?